మిద్దెకెక్కిన తాంబూలం

మా వైపు భూమి గుత్తకు, అంటే కౌలుకు, తీసుకోవాలంటే కాగితాల పని లేదు. ఉగాది రోజు పొద్దున్నే తమలపాకులు, వక్కలు, అరటిపండ్లు పళ్ళెంలో పెట్టుకుని ఆసామి ఇంటికి పోవాలి. ఆయన చేత్తో ఆ తాంబూలం అందుకుని, లోపలికి పోయి, తన ఇంటి ఆకూ వక్కా తెచ్చి మన చేతిలో పెడితే ఆ ఏడాదికి భూమి మనది. ఇవ్వడం ఇష్టం లేకపోతే ఆయన కోప్పడడు, కారణమూ చెప్పడు. మనం తెచ్చిన పళ్ళెం ఉన్నదున్నట్టు మన చేతికే ఇచ్చి, "ఓళిగలు తిని పోమ్మా" అంటాడు. ఓళిగలంటే బొబ్బట్లు. తిని రావాలి. ఆ తరవాత ఆ భూమి ఊసెత్తడం మర్యాద కాదు.

నేను అలా ఏటేటా తాంబూలం ఇచ్చి తీసుకున్నది ఒక గుట్ట కింది చెలక. కళ్యాణదుర్గం నుంచి షేర్ ఆటోలో పోతే ఒక చిన్న ఊరు దాటాక వస్తుంది. ఎర్రమట్టి, గులకరాళ్ళు, వెనకాల ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు పెద్ద పెద్ద గుండ్లు. దాన్ని గుత్తకు తీసుకున్నది పంటకు కాదు, పిల్లలకు. నేను అంతకు ముందు ఒక బళ్ళో ఆటల టీచరును. సిమెంటు వాకిట్లో పిల్లల్ని వరసగా నిలబెట్టి చేతులు పైకి, చేతులు కిందికి అనిపించడం తప్ప వేరే పని లేదు. ఒకరోజు విసుగొచ్చి మానేశాను. నాకు విసుగొస్తే ఆగదు, మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే.

ఆ చెలకలో గుడారాలు వేసి, బళ్ళ నుంచి వచ్చే పిల్లలకు గుండ్లెక్కడం, దారి గుర్తుపట్టి నడవడం, వాన పడితే నీళ్ళు ఏ వాలున పోతాయో కనిపెట్టడం నేర్పేవాళ్ళం. బెంగుళూరు నుంచి, బళ్ళారి నుంచి బస్సులొచ్చేవి. నాతో పాటు ఒక తాళ్ళ మాస్టరు ఉండేవాడు. గుత్తి వాడు, కోట కొండ మీద మేకల వెంట తిరిగి పెరిగినవాడు, తరవాత హిమాలయాల దాకా పోయి కొండలెక్కడం పద్ధతిగా నేర్చుకొచ్చాడు. వంటకు ఆ ఊరి కాలనీలోనే ఉండే ఒకావిడ వచ్చేది. మేమంతా వదినా అనేవాళ్ళం. ఆమె చేసిన రాగిసంగటి చూసి మొదటి రోజు మొహం ముడుచుకున్న పట్నం పిల్లలు, మర్నాడు ఊరుబిండి పచ్చడి కోసం పోట్లాడుకునేవారు.

భూమి ఆసామిని ఊళ్ళో అందరూ పెద్దాయన అంటారు. మాటలు తక్కువ, ఉన్న నాలుగూ గట్టివి. మేం చేసే పని ఆయనకు మొదటినుంచీ వింతే.

"దుడ్లిచ్చి గుండ్లెక్కుతారామ్మా మీ పిల్లోళ్ళు?" అన్నాడు మొదటి ఏడు. "మావోళ్ళు ఊరికే ఎక్కుతాంటే కొట్టి దించుతామే."

 

గుండెక్కే పద్ధతి ఒక్కటి చెప్పాలి, ముందు ముందు పనికొస్తుంది. తాడు పైన ఒక కొక్కెం గుండా పోయి కిందికి వస్తుంది. ఒక కొస ఎక్కేవాడి నడుముకు కడతాం, రెండో కొస కింద నిలబడ్డవాడి చేతిలో ఉంటుంది. పైవాడు జారితే కిందివాడే దిక్కు. అందుకని ఎక్కేవాడు కాలు ఎత్తే ముందు "పట్టుకున్నావా?" అని అడగాలి. కిందివాడు "పట్టుకున్నా" అని గట్టిగా చెప్పాలి. ఆ మాట వినబడేదాకా ఎవరూ నేల వదలకూడదు. ఎంత తొందరున్నా, ఎంత నేర్చినవాళ్ళైనా సరే. తాళ్ళ మాస్టరు ఈ ఒక్క విషయంలో దయాదాక్షిణ్యాలు లేని మనిషి.

కరోనా వచ్చిన వసంతంలో మా దగ్గర ఒక బడి పిల్లలున్నారు. మధ్యాహ్నం సంగటి ముద్దలు పళ్ళాల్లో పెట్టాక వాళ్ళ బడి నుంచి ఫోను వచ్చింది, బస్సు పంపుతున్నాం, అందర్నీ ఎక్కించమని. ఆ ముద్దలు తినకుండానే పోయారు. ఆ తరవాత ఒక్కో బడీ ఫోను చేసి మా పిల్లలు రావడం లేదని చెప్పడం మొదలుపెట్టింది. ఉగాది నాటికి దేశమంతా తలుపులు వేసుకుంది. సరిగ్గా ఆ పండగ రోజే మొదలైంది ఆ మూసివేత.

ఉగాది అన్నాక తాంబూలం ఇవ్వకుండా ఎలా? పళ్ళెం సంచిలో పెట్టుకుని, పెద్ద రోడ్డు వదిలేసి, పొలాల దారిన స్కూటరు మీద బయలుదేరాను. ఊరి ముందు కల్వర్టు దగ్గర దారికి అడ్డంగా కంప వేసి ఉంది. నిలువెత్తు ముళ్ళకంప, అటు గట్టు నుంచి ఇటు గట్టు దాకా. దాని వెనకాల కొంగు మూతికి చుట్టుకుని, చేతిలో కట్టెతో మా వంట వదిన.

"ఆడనే నిలబడక్కా" అంది.

"నేనే వదినా."

"నువ్వేనని కనపడతాండాది. బయటోళ్ళను ఎవర్నీ రానీయగూడదని ఊర్లో అనుకున్నారు. ఈ పూట కాపలా నాది."

"నేను బయటిదాన్నా?"

"బెంగుళూరు బస్సులన్నీ ఎవరికోసం వచ్చినాయక్కా? ఊర్లో అదే అడుగుతాండారు."

నాకు చర్రున కోపం వచ్చింది. ఇన్నేళ్ళుగా ఒకే పొయ్యి దగ్గర కూర్చుని తిన్నాం. "నా గుడారాలు లోపలుండాయి" అన్నాను, కోపంలో నాకు మా ఊరి మాట వచ్చేస్తుంది.

"ఉండనీ. వాటికేం జొరం రాదులే" అంది. కళ్ళలో నవ్వు కనిపించింది కానీ కట్టె మాత్రం దించలేదు.

కాసేపటికి పెద్దాయనే వచ్చి కంపకు అవతల నిలబడ్డాడు. నేను పళ్ళెం బయటికి తీశాను. ఆయన దాని వైపు చూశాడు, తన చేతుల వైపు చూసుకున్నాడు.

"తాంబూలమంటే చేతి నుంచి చేతికి పోవల్ల. ఇప్పుడేమో ఒకరి చెయ్యి ఒకరికి తగలగూడదంటాండారు. నేనేం జేయల్లమ్మా?"

"ఈ గట్టు మీద పెట్టిపోతాను, తీసుకోండి."

"గట్టు మీది నుంచి తీసుకునేది తాంబూలం గాదు, తద్దినం" అన్నాడు. ఆ మాటకు వదిన కూడా పక్కకు తిరిగి నవ్వింది. తరవాత ఆయన నెమ్మదిగా అసలు సంగతి చెప్పాడు. సోలారు వాళ్ళు కూడా ఆ చెలకను అడుగుతున్నారు. గాజు పలకలు పరుస్తారట. వాన వచ్చినా రాకపోయినా ఏటా దుడ్లు వాటంతటవే వస్తాయట. వాళ్ళకు కూడా ఇంకా మాటివ్వలేదు. "వచ్చే ఉగాదికి చూస్తాం. అప్పుడు మీ ఇద్దర్లో ఎవరికో ఒకరికి" అని వెళ్ళిపోయాడు.

నేను ఇంటికి వచ్చేసరికి ఆకులు వాడిపోయి ఉన్నాయి. విషయం తేలిగ్గానే అర్థమైంది. పలకలు ఒకసారి పరిస్తే నా బతుకులో మళ్ళీ తీయరు. ఆ చెలక పోతే గుట్ట దగ్గరికి దారే లేదు. గుట్ట లేకపోతే నేను మళ్ళీ సిమెంటు వాకిట్లో చేతులు పైకి, చేతులు కిందికి. నా దగ్గర ఉన్నది ఒక్క ఏడాది, ఆ ఏడాదిలో పిల్లలు లేరు, బస్సుల్లేవు, ఊళ్ళోకి పోయే దారి కూడా లేదు.

ఆ ఎండాకాలం అందరూ చేసిన పనే మేమూ చేశాం. ఫోనులో పాఠాలు. ఆరుబయట బతకడం ఎలాగో నాలుగు గోడల మధ్య కూర్చున్న పిల్లలకు నాలుగు గోడల మధ్య నుంచే చెప్పాం. ఇంతకన్నా వింత పని నేను చేయలేదు. తాళ్ళ మాస్టరు తన ఇంటి మంచం కోడుకు తాడు కట్టి ముడులు చూపించేవాడు. ఒక పిల్ల ఎనిమిది అంకెలా ఉండే ముడి నేర్చుకుని తమ్ముణ్ణి కిటికీ ఊచకు కట్టేసి భోజనానికి పోయింది. వాళ్ళమ్మ నాకు ఫోను చేసి, ముడి బాగా పడింది, విప్పడం ఎప్పుడు నేర్పుతారు అని అడిగింది. ఇంకో తండ్రి తమ బాల్కనీలో ఉండే మొక్కల్ని అడవి కింద లెక్కవేసి సర్టిఫికెట్టు ఇవ్వగలరా అన్నాడు. నేను ఫోను పెట్టేశాను. ఇవ్వకూడదని కాదు, నవ్వు ఆపుకోలేక.

ఆ పాఠాలు ఎన్నాళ్ళో సాగలేదు. తాళ్ళ మాస్టరు గుత్తిలో లారీలకు సరుకు బిగించే పనికి పోవడం మొదలుపెట్టాడు. "నా ముడి వేసిన లారీలో సరుకు హైదరాబాదు దాకా కదలదక్కా, అడిగి మరీ పిలుస్తాండారు" అన్నాడు. వాడి గొంతులో గర్వమే ఉంది. నాకు మాత్రం దిగులేసింది. "మూసేద్దామా?" అని అడిగాను.

"తెగేదాకా లాగద్దు, అట్లని చెయ్యి వదలద్దు. తాళ్ళు సూసుకుంటాండు" అన్నాడు.

తాళ్ళు మా ఇంట్లో దూలానికి వేలాడుతుండేవి. వాడకుండా ఉంచిన తాడును నమ్మకూడదు. ఎలుక కొరికి ఉండొచ్చు, చెమ్మ తగిలి ఉండొచ్చు. అందుకని వారం వారం దించి, ఒక కొస నుంచి ఇంకో కొస దాకా వేళ్ళ మధ్య పోనిచ్చి చూడాలి, ఎక్కడైనా మెత్తబడిందా, గరుకు తగులుతుందా అని. ఎవరూ ఎక్కని తాళ్ళను నేను ఆ నెలలన్నీ అలా తడుముతూ కూర్చున్నాను. ఒకరోజు సగం తాడు దగ్గర ఏడుపొచ్చింది. ఏడ్చాను. తాడు తడిస్తే మంచిది కాదని గుర్తొచ్చి కళ్ళు తుడుచుకుని మిగతా సగం కూడా చూశాను.

వానలు మొదలయ్యాక వదిన ఫోను చేసింది. కంప తీసేశారు, రావచ్చు అని ముందు మంచి మాట చెప్పింది. తరవాత ఇంకోటి చెప్పింది. "పెద్దాయన చెలక దున్నించినాడక్కా. శెనక్కాయ ఏసినాడు."

పోయి చూశాను. మా గుడారాలుండే చోట ఎర్రటి సాళ్ళు. పిల్లలు పరిగెత్తి పరిగెత్తి గట్టిపడ్డ నేల అంతా మెత్తగా విచ్చుకుని ఉంది. నాకు ఒళ్ళు మండింది. నేరుగా ఆయన ఇంటి ముందుకు పోయి నిలబడ్డాను. ఆయన నా కోపాన్ని మబ్బును చూసినట్టు తలెత్తి చూశాడు.

"వాన పడి పదునైన భూమిని ఊరికే పెట్టేది పాపమమ్మా. నీ తాంబూలం నాకు ముట్టలేదు, ఆ భూమి ఈ ఏడు నాదే గదా?"

నిజమే, ముట్టలేదు. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసు అంటారు. ఆ ఏడు రెండింటి మీదా అందరి కళ్ళూ ఉన్నాయి. మా సీమలో అదునులో వాన పడితే ఎవరైనా విత్తే గొర్రు కట్టాల్సిందే. పైగా మా గుడారాలు, గిన్నెలు, తట్టలు అన్నీ ఒక గుండు కింద పెట్టించి టార్పాలిన్ పట్ట కప్పించాడు. ఒక్క గరిటె పోలేదు.

"గుండ్లు నావి గాదు. సర్కారువి. కావల్లంటే ఎక్కుకోపో. గెనం మీద నడిచిపో, సాళ్ళు తొక్కద్దు" అన్నాడు.

గెనం అంటే మా వైపు పొలం గట్టు. ఆ గెనం మీద నడిచి గుట్ట దగ్గరికి పోతుంటే వదిన వెంట వచ్చింది. ఆమెకు మాట దాచుకోవడం చేతకాదు.

"బళ్ళు మూసి ఎన్నాళ్ళాయె. మా పిల్లోళ్ళు గాలికి తిరుగుతాండారు. ఫోనులో పాఠమంట, మా ఇంట్లో ఆ ఫోను యాడిది? బెంగుళూరోళ్ళకు నేర్పించింది మావోళ్ళకు రవ్వంత నేర్పించగూడదా అక్కా?"

"వాళ్ళు పుట్టినప్పట్నుంచీ గుండ్లెక్కుతున్నారు, వాళ్ళకు నేనేం నేర్పాలి?" అన్నాను చిరాగ్గా.

"పడకుండా ఎక్కేది నేర్పు" అంది.

ఆ ఆదివారమే తాళ్ళ మాస్టరు గుత్తి నుంచి బైకు మీద దిగాడు, తాళ్ళు నేను తెచ్చాను. పిల్లలు కాలనీ నుంచి వచ్చారు, పై వీధి నుంచి వచ్చారు. దూరం దూరంగా కూర్చోబెట్టాం, మూతులకు గుడ్డలు కట్టించాం. అప్పుడొక చిక్కు వచ్చింది. తాడు పద్ధతిలో ఎక్కేవాడూ పట్టుకునేవాడూ ఇంచుమించు ఒకే బరువుండాలి. బరువైనవాడు జారితే తేలికైనవాడు గాల్లోకి లేస్తాడు. పట్నం పిల్లల బరువులు వాళ్ళ బళ్ళే రాసి పంపేవి. ఇక్కడ ఎవరి బరువు ఎంతో వాళ్ళ అమ్మలకు కూడా తెలియదు. ఊళ్ళో ఉన్న కాటా ఒక్కటే, పెద్దాయన కొట్టంలో శెనక్కాయ మూటలు తూచేది.

"మనుషుల్ని తూచేదేంటికి?" అన్నాడు ఆయన. చెప్పాను. కాటా బయట పెట్టించాడు. పిల్లలు ఒక్కొక్కరే మూటల్లా ఎక్కి దిగారు. పెద్దాయన మనమడు కూడా ఎక్కాడు. అనంతపురం హాస్టలు మూసేస్తే ఇంటికొచ్చి విసుగు పుట్టి ఉన్నాడు. కాటా వాణ్ణి ఎవరితో జత కట్టిందంటే, వంట వదిన కూతురితో.

తాళ్ళ మాస్టరు నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. మా ఊళ్ళ సంగతి ఇద్దరికీ తెలుసు. పై వీధి పిల్లవాడు ప్రాణం తాడుకు అప్పగించి గుండెక్కడం, ఆ ప్రాణం కాలనీ పిల్ల చేతిలో ఉండటం, ఇవి ఒక ఆదివారంలో ఊరు మింగగలిగే ముద్దలు కావు. కానీ కాటా చెప్పింది చెప్పింది. జతలు మార్చమని అడిగితే ఇంటికి పొమ్మంటానని ముందే గట్టిగా అన్నాను. మరుసటి వారం పై వీధి నుంచి కొందరు రాలేదు. పెద్దాయన మనమడు మాత్రం వచ్చాడు.

ఆ తరవాతి వారం పెద్దాయనే వచ్చాడు. గెనం మీద నడిచి, చేతికర్ర ఊతంగా, గుండు కింద నా పక్కన నిలబడ్డాడు.

"నా మనమణ్ణి పట్టుకునేదెవరు?"

వదిన కూతురి వైపు చూపించాను.  ఈయన వద్దంటే తాడు చుట్టేసుకుని పోవడమే. ఉగాదికి తాంబూలం మాట కూడా అక్కడితో సరి.

"ఎవరు పెట్టినారు ఈ జత?"

"మీ కాటానే అప్పా" అన్నాను.

 మనమడు గుండు దగ్గరికి పోయి, తాత ఉన్నాడన్న సిగ్గుతో కొంచెం నెమ్మదిగా "పట్టుకున్నావా?" అన్నాడు. ఆ పిల్ల జవాబివ్వలేదు. మాకు నియమం, గట్టిగా అడగకపోతే జవాబు లేదు. వాడు మళ్ళీ గట్టిగా అడిగాడు. "పట్టుకున్నా" అంది. వాడు ఎక్కాడు. సగం పైన కాలు జారింది. తాడు ఒక్కసారి బిగిసింది, ఆ పిల్ల రెండు కాళ్ళూ నేలలో తన్నిపెట్టి వెనక్కి వాలింది. వాడు గాల్లో కాసేపు ఊగి మళ్ళీ రాతిని అందుకున్నాడు. పెద్దాయన చేతికర్ర ఎప్పుడు కింద పడిందో ఆయనకే తెలియదు.

వాడు దిగేదాకా ఆయన కదల్లేదు. తరవాత కర్ర తీసుకుని ఆ పిల్ల దగ్గరికి పోయి, "గట్టిగానే పట్టుకున్నావులే" అన్నాడు. అంతే. పోయేటప్పుడు కూడా గెనం మీదే నడిచాడు. రానివాళ్ళలో కొందరు మరుసటి వారం వచ్చారు. అందరూ రాలేదు.

ఆ ఏడు వానలు ఆగలేదు. మామూలుగా వాన కోసం ఏడ్చే సీమలో వాన ఎక్కువై ఏడుపు. పీకిన శెనక్కాయ చెట్లు సాళ్ళలోనే మగ్గిపోతున్నాయి, కాయలు మొలకెత్తుతున్నాయి. మా గుడారాలు గుండు కింద ఊరికే పడి ఉన్నాయి గదా, తీసి గుంజలు పాతి ఆయన పంట మీద పందిళ్ళుగా వేశాం. పిల్లలకు గుడారం బిగించడం అప్పటికే వచ్చు. అది పాఠమో సాయమో మేం విడదీసి చూడలేదు. పంట సగానికి పైగా పోయింది. విత్తనానికి సరిపడా కాయలు మాత్రం గుడారాల కింద పొడిగా మిగిలాయి. ఆయన వాటిని చేత్తో కదిపి చూసి, "మీ పట్నం గుడ్డలు పనికొచ్చినాయే" అన్నాడు. నేను దాన్ని మెప్పుగానే తీసుకున్నాను.

మాకు ఆదాయం లేదు, అది అబద్ధం చెప్పను. వారమంతా తాళ్ళ మాస్టరు లారీలు కట్టాడు, నేను చుట్టుపక్కల పిల్లలకు ఇంట్లో లెక్కలు చెప్పాను. నాకు లెక్కలు రావు, వాళ్ళకు అంతకన్నా రావు, అలా గడిచింది. ఆదివారాలు గుట్ట దగ్గర. చలికాలం పోయాక అనంతపురం నుంచి ఒకటి రెండు బళ్ళు కొద్దిమంది పిల్లల్ని పంపడం మొదలుపెట్టాయి, పొద్దున వచ్చి సాయంత్రం పోయేట్టు. వాళ్ళకు తాడు పట్టుకోవడం చూపించింది ఊరి పిల్లలే. గుడారాలు వేసే చోటు లేక రాత్రి బసకు ఎవర్నీ రమ్మనలేకపోయాం. చెలక చేతిలో లేకుండా ఇలా ఎన్నాళ్ళో నడవదని నాకు తెలుసు. సోలారు మనుషులకూ తెలుసు. వాళ్ళు టేపులు పట్టుకుని రెండుసార్లు వచ్చి కొలుచుకుని పోయారు. వదిన ఫోను చేసి చెప్పినప్పుడల్లా నాకు అన్నం సహించేది కాదు.

మళ్ళీ ఉగాది దగ్గరపడేసరికి జ్వరాలు మళ్ళీ మొదలయ్యాయి. ఈసారి ఊళ్ళోకే వచ్చాయి. పెద్దాయనకు వచ్చింది. ఆయన కోలుకున్నాడు లెండి, ముందే చెప్పేస్తున్నాను. మంచాన పడ్డ మనిషిని చూపించి ఊరించడం నాకు చేతకాదు. కానీ ఆ ఉగాది రోజు మాకు ఆ సంగతి తెలియదు.

ఇంట్లో కోడలు బాలింత, చంటిబిడ్డ. తనవల్ల వాళ్ళకు తగలకూడదని ఆయన తనంతట తానే మిద్దె మీది గదిలోకి పోయాడు. మెట్లు ఇంటి లోపలి నుంచే ఉన్నాయి, వాటి తలుపు లోపలి గడియ వేయించాడు. మిద్దె అంచున కాయల మూటలు పైకి లాగే గిలక ఒకటి ముందునుంచే ఉంది. మనమడూ, వదిన కూతురూ కలిసి ఆ గిలకకు మా పాత తాడు తొడిగి, బుట్ట కట్టి, వీధిలో నిలబడి ఆయనకు అన్నం, మందులు, నీళ్ళు పైకి లాగుతున్నారు. ముడులు ఆ పిల్లవి. బుట్ట ఒక్కసారి కూడా ఒరగలేదని వదిన చెప్పింది.

ఉగాది పొద్దున నేనూ తాళ్ళ మాస్టరూ పోయాం. కిందటేడు పళ్ళెమే, కొత్త ఆకులు. వీధిలో అంత దూరాన ఒకరు, ఇంత దూరాన ఒకరు నిలబడి ఉన్నారు. చెలక మాట ఈ ఉగాదికి తేలుతుందని ఊరందరికీ తెలుసు. జబ్బు మనిషి దగ్గరికి భూమి మాటతో రావడం నాకే సిగ్గుగా ఉంది. తిరిగి పోదామనుకుంటుండగా పైనుంచి ఆయనే పిలిచాడు. మనిషి చిక్కిపోయాడు, గొంతు మాత్రం అదే.

"తెచ్చినావా?"

తల ఊపాను.

"ఎత్తల్ల మరి."

ఆ పిల్ల పళ్ళేన్ని బుట్టలో కుదురుగా పెట్టి, పైన గుడ్డ కప్పి లాగింది. బుట్ట నెమ్మదిగా మిద్దెకెక్కింది. ఆయన దాన్ని అందుకుని గదిలోకి పోయాడు. చాలాసేపు రాలేదు. దగ్గు వినిపించింది. తాళ్ళ మాస్టరు నేల చూస్తున్నాడు. ఆయన పళ్ళెంతో మళ్ళీ పిట్టగోడ దగ్గరికి వచ్చాడు. అదే పళ్ళెం, నాదే, మీద అదే గుడ్డ. పళ్ళెం తిరిగొచ్చిందంటే అర్థమేమిటో మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు.

పళ్ళేన్ని బుట్టలో పెట్టాడు. ఆ పిల్ల దించబోతే చెయ్యెత్తి ఆపాడు.

"నువ్వు గాదు పాపా. తాడు ఆయమ్మకియ్యి."

నాకిచ్చింది. ఆయన బుట్టను అంచు దాటించి, ఇంకా వదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు.

"చేతి నుంచి చేతికి పోవల్లంటినే పోయినేడు" అన్నాడు. "ఇప్పుడు ఈ కొసన నేనుండా, ఆ కొసన నువ్వుండావు. పట్టుకున్నావా?"

నేను ఇంకా తాడును సర్దుకుంటున్నాను. ఆయన వదల్లేదు. జవాబు వినబడేదాకా కదలకూడదన్న నియమం ఆయన ఆ రోజు గుండు కింద విన్నాడు గదా, అట్లాగే నిలబడి ఉన్నాడు, ఆ జ్వరంతో, ఆ ఎండలో.

"పట్టుకున్నా" అన్నాను.

వదిలాడు. తాడు నా వేళ్ళ మధ్య నుంచి జారుతూ బుట్ట దిగింది. గుడ్డ తీశాను. నా ఆకులు లేవు. వాటి చోట ఆయన నడుముకు ఎప్పుడూ వేలాడే ఆకుసంచిలోవి, రెండు ఆకులు, వాడిపోయి, అంచులు నల్లబడి, పక్కన పగలగొట్టిన వక్క. మిద్దె మీద ఆయన ఇల్లంటే ఆ సంచి ఒక్కటే.

"సగం చెలక నీకు, సగం నాకు శెనక్కాయ. పిల్లోళ్ళు గెనం మీద నడవల్ల" అన్నాడు పైనుంచి. కాస్త ఆగి, "ఓళిగలు లేవమ్మా ఈ తూరి, కోడలు బాలింత" అన్నాడు.

అవి జ్వరం మనిషి తాకిన ఆకులు, ముట్టుకోకుండా గుడ్డలో కట్టమని తాళ్ళ మాస్టరు గొణుగుతూనే ఉన్నాడు. అప్పటికే అవి నా చేతిలో ఉన్నాయి.